చప్పట్ల నడుమ కోడిచీర

పోయిన వారం విరుదునగర్‌లో ఒక సేవా క్లబ్బు వాళ్ళు తమ వారపు సమావేశానికి నన్ను పిలిచారు. కాలేజీలో పాఠాలు చెప్పే ఆడమనిషిని కదా, ఆడవాళ్ళ ముందడుగు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. నాలుగుతో ఆగలేదు. మాట్లాడటం వచ్చు గాని ఆపటం రాదని మా ఇంట్లో నామీద ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదు.

నా తరువాత ఒక పేదరాలికి పిండి రుబ్బే గ్రైండరు ఇచ్చారు. ఇచ్చారంటే, పెద్దమనుషులంతా దాన్ని చుట్టుముట్టి తలో చెయ్యీ వేసి కెమెరా వైపు తిరిగారు. పుచ్చుకునే ఆమె వాళ్ళ వెనక ఎక్కడో పడిపోయింది. ఫోటో తీసేవాడు మాత్రం "అమ్మా, కొంజం సిరింగ" అని అరుస్తున్నాడు. నవ్వమంటున్నాడు. కనపడని మనిషి నవ్వితేనేం, ఏడిస్తేనేం?

నేను ఊరుకోలేదు. కాఫీల దగ్గర కార్యదర్శిని పట్టుకున్నాను.

"దీన్ని తిన్నగా ఆమె ఇంటికి పంపిస్తే పిండి మెదగనంటుందా సార్?"

"మేడం, నలుగురూ చూస్తేనే కదా ఇంకో నలుగురికి ఇవ్వాలనిపించేది."

"ఆమెను ఎవరు చూశారు? చూసింది మిమ్మల్నే."

ఆయన చాలా సౌమ్యుడు. నవ్వి, "మీ నాన్నగారు కూడా కోవిల్‌పట్టిలో ఇట్లాంటి క్లబ్బుకు తలైవర్‌గా చేశారట కదా మేడం. మీకు తెలియంది ఏముంది?" అన్నాడు.

తెలుసు. తెలుసు కాబట్టే అడిగాను. కానీ ఆ మాట అక్కడ పైకి రాలేదు. నా నోరు నాకు ఎదురు తిరిగిన సందర్భాలు చాలా తక్కువ. అది ఒకటి.

మా అసలు ఊరు కోవిల్‌పట్టి దగ్గర ఒక కరిసల్ పల్లె. నల్లరేగడిని అక్కడ కరిసల్ అంటారు. మా పెద్దలు ఏ రాజుల కాలంలో ఉత్తరం నుంచి దిగివచ్చారో ఎవరికీ తెలియదు గాని, వచ్చేటప్పుడు తెచ్చుకున్న మాటను మాత్రం ఇంట్లోనే ఉంచుకున్నారు. గడప దాటితే తమిళం, లోపలికొస్తే తెలుగు. ఆ తెలుగు నోటితోనే తిరిగింది, కాగితం ముఖం చూడలేదు. అక్షరాలు నేను పెద్దయ్యాక పంతం కొద్దీ నేర్చుకున్నవి.

మా నాయన పత్తి విత్తనాలూ ఎరువులూ అమ్మే కొట్టు పెట్టుకుని టౌనుకు వచ్చేశాడు. అప్పటి కోవిల్‌పట్టికి ఒక వాసన ఉండేది. అగ్గిపుల్లల తలలకు అద్దే మందు వాసన, ఎండలో పరిచిన పుల్లల వాసన, సాయంత్రమయ్యేసరికి వేరుశెనగ అచ్చులు చేసే కడలమిట్టాయి అంగళ్ళ వెనక బెల్లం పాకం ముదిరే తీపి పొగ. మా కొట్టు దగ్గరికి వస్తే వీటన్నిటినీ యూరియా మూటల ఘాటు మింగేసేది. నాయన ఒంటినిండా ఆ ఘాటే. ఒక్క గురువారం సాయంత్రం మాత్రం కాదు. గురువారం ఆయన సబ్బుతో రెండోసారి స్నానం చేసి, సెంటు పూసుకుని, మెడకు టై బిగించుకుని క్లబ్బుకు బయలుదేరేవాడు. ఆ ఏడు ఆయనే తలైవర్, అంటే క్లబ్బుకు అధ్యక్షుడు.

నేనూ స్కూటరు వెనక ఎక్కేదాన్ని. సభ మొదట్లో ప్రార్థన పాట పాడటం నా ఉద్యోగం. జీతం రెండు బోండాలు, ఒక రోస్‌మిల్కు.

ఒక లాడ్జీ మేడమీది హాల్లో జరిగేది కూటం. బల్లమీద ఇత్తడి గంట, దానికి ఒక కొయ్య సుత్తి. నాయన మెడలో పతకాల గొలుసు వేసుకునేవాడు. పాత తలైవర్లందరి పేర్లూ ఒక్కొక్క బిళ్ళమీద చెక్కి ఉండేవి. మా ఊరి ఎద్దుకు పొంగల్‌నాడు వేసే గొలుసు కూడా అంత మోత మోగేది కాదు. "ఐ కాల్ దిస్ మీటింగ్ టు ఆర్డర్" అనేవాడు నాయన. ఆ ఒక్క వాక్యం కోసం బుధవారమంతా స్నానాల గదిలో సాధన. ఒకసారి నేను ఆ సుత్తిని పూలకుండీలో దాచాను. నాయన వెతికి వెతికి, చివరికి కాఫీ గ్లాసుతో గంట కొట్టాడు. హాలంతా నవ్వింది. నాయన కూడా నవ్వాడు. ఆయన మంచి నవ్వు నవ్వగలిగే మనిషి, అది చెప్పకపోతే అన్యాయం.

ఎవరు అతిథిగా వచ్చినా పొన్నాడ కప్పాలి. పొన్నాడ అంటే మెరుపుల అంచు ఉన్న శాలువ. భుజాలమీద కప్పగానే చప్పట్లు. తలైవర్ అయ్యాక నాయనకూ ప్రతి ఊళ్ళోనూ కప్పేవాళ్ళు. అవి చలికీ పనికిరావు, ఎండకీ పనికిరావు. అమ్మ ఒకదాన్ని టీవీకి కప్పింది, ఇంకోదాన్ని బియ్యం డబ్బాకు. "మన ఇంట్లో సామాన్లన్నీ పెద్దమనుషులైపోయినాయి" అనేది. అమ్మ నోరు నాకెట్లా వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు కదా.

ఇక ఆ గురువారం సంగతి.

ఏళాయిరంపన్నైలో బడి హెడ్మాస్టరు ఒకాయన క్లబ్బులో కార్యదర్శి. తమిళాయన. నిజంగా మంచివాడు. అందుకే ఈ కథలో ఆయన్ని తిట్టుకోవడం కూడా కుదరదు. పటాసులు చుట్టి బతికే ఆడవాళ్ళకు కుట్టుమిషన్లు ఇద్దామని ఆయనే ఎత్తుకున్నాడు. ఎవరెవరికి ఇవ్వాలో కూటంలో నిలబడి ఒక్కొక్కరి సంగతి చెప్పుకుంటూ వచ్చాడు. నేను పక్కన కూర్చుని బోండాలో మిరపకాయ ముక్కలు ఏరుకుంటున్నాను.

"చివరగా ఒకామె ఉంది," అన్నాడు తమిళంలో. "భర్త కామెర్లతో పోయి రెండేళ్ళు. ఇద్దరు పిల్లలు. షెడ్డులో కాగితం గొట్టాలు చుడుతుంది. బాగా బతికిన ఇంటి పిల్ల, నిలబడే తీరులోనే తెలిసిపోతుంది. పుట్టింటివైపు ఎవరైనా ఉన్నారా అమ్మా అని అడిగాను. ఎవరూ లేరు సార్, అంది."

ఆమె పేరు చెప్పాడు. పోయిన భర్త పేరు చెప్పాడు. వీధి పేరు కూడా చెప్పాడు.

నాయన సుత్తి ఎత్తి గంట కొట్టాడు. గంట కొట్టేది సభ మొదట్లో, మళ్ళీ చివర్లో. నడుమ కొట్టరు. అందరూ తలలెత్తి చూశారు. నాయన గొలుసు సర్దుకుని, "ఆమోదించడమైనది" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటరుమీద వెనకనుంచి అడిగాను.

"నైనా, అది మా అత్త గదా?"

"గట్టిగా పట్టుకో."

"అత్తకు మనం లేమా నైనా?"

"పట్టుకో అంటినా లేదా?"

ఇంటికొచ్చాక నేనే అమ్మ చెవిలో వేశాను. అమ్మ సద్దసంగటి ముద్ద నాయన కంచంలో పెట్టి, గోంగూర పులుసు గరిటె గాల్లోనే ఆపింది.

"ఆమె నా అక్క అని మీరు ఆడ చెప్పేదానికేమి?"

"చెప్తే మిషను రాదే. మెంబరు ఇంటోళ్ళకు ఇయ్యగూడదని రూలు ఉండాది."

"అయితే మీరే కొనియ్యండి. ఊరికంతా ఎరువు అమ్మేవాడికి ఒక మిషను బరువా?"

"నేనిస్తే తీసుకుంటుందా ఆమె? నా చేతి నీళ్ళు గూడా తాగదు."

"ఏమిటికి తాగదు? అది చెప్పండి. పాప గూడా విననీ."

నాయన సంగటి పిసుకుతూ ఉండిపోయాడు. అమ్మే చెప్పింది.

అత్త నాయనకంటే పెద్దది. చిన్నప్పుడు ఆయన్ని చంకనేసుకుని పత్తిచేలో తిరిగిన మనిషి. భర్తకు జబ్బు ముదిరినప్పుడు ఆమె పుట్టింటికి వచ్చి, కరిసల్ నేలలో తన భాగం తనకివ్వమని అడిగింది. మా తాత కోపంతో ఊగిపోయాడు. ఆడబిడ్డ భాగం అడగడమా, అదీ పదిమంది వినేట్టు. "ఇంగ నీకు పుట్టిల్లు లేదు పో" అన్నాడు. కొన్ని నెలలకే ఆమె భర్త పోయాడు. తాత నాయన్ను గడప దాటనివ్వలేదు. కోడి తీసుకుని ఎవరూ పోగూడదన్నాడు.

కోడి అంటే కూసే కోడి కాదు. కాలేజీలో నెల్లూరు నుంచి వచ్చిన నా స్నేహితురాలు ఈ సంగతి విని, "చీర కప్పుతారు సరే, కోడిని ఎందుకు కప్పుతారే?" అని కళ్ళు పెద్దవి చేసింది. తమిళంలో కోడి అంటే ఇంకా నీళ్ళు చూడని కొత్తబట్ట. మా వాళ్ళ నోట తెలుగులో కలిసిపోయింది. భర్త పోయిన ఆడదానికి అన్నో తమ్ముడో పుట్టింటినుంచి కొత్తచీర తెచ్చి తలమీదుగా భుజాలకు కప్పి, "పుట్టింటి కోడి" అని అందరూ వినేట్టు చెప్పాలి. ఆమె ఏడుస్తుంది. వదినెలూ మరదళ్ళూ పట్టుకుని ఏడుస్తారు. అప్పుడే ఆమె తనను కూర్చోబెట్టిన మూలనుంచి లేస్తుంది. మొగుడు పోయినా నిన్ను కన్న ఇల్లు ఇంకా ఉంది అని చెప్పడం అది. మూలన కూర్చోబెట్టడం గురించీ, తెల్లచీరల గురించీ నాకు చాలా కోపాలు ఉన్నాయి. క్లాసులో గంటసేపు దులుపుతాను. కోడి జోలికి మాత్రం పోను.

అత్త మూలన కూర్చుని వాకిలివైపు చూసిందట. సాయంత్రం దాకా చూసి, ఎవరూ రాకపోతే తనే లేచి, తలకు పోసుకుని, కోడి లేకుండానే బయటికి వచ్చిందట. మర్నాడు పటాసుల షెడ్డుకు పోయింది.

"మామ పోయినాక అయినా పోయుండొచ్చు గదా," అంది అమ్మ. తాత ఆ తరువాతి ఎండాకాలమే చనిపోయాడు.

"ఏమని పోయేది? ఎప్పుడో ఇయ్యాల్సిన కోడి ఇప్పుడు మోసుకుని పోతే నవ్వరా?"

"మీకు నవ్వే వాండ్లే కనపడతారు. ఏడ్చేది కనపడదు."

నాయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. ముద్ద అట్లాగే ఉండిపోయింది.

మిషన్లు ఇచ్చే గురువారం ఇంటివాళ్ళందరినీ రమ్మన్నారు. అమ్మ రానంది. మేము బయలుదేరాక మనసు మార్చుకుందో ఏమో, సభ మొదలయ్యేసరికి చివరి వరసలో గోడపక్కన కూర్చుని కనపడింది. హాలంతా మల్లెపూలు, కేసరిలో నెయ్యి, కొత్తమిషన్ల నూనె వాసన. మిషన్లకు బొట్లు పెట్టి దండలు వేశారు. ఒక్కొక్కరికీ మిషనుతోబాటు చీర కూడా. అన్నీ ఒకటే రంగు, ఆకుపచ్చకు ఎర్ర అంచు.

నాయన ముందే జాగ్రత్తపడ్డాడు. చీరలన్నీ ముఖ్య అతిథే ఇవ్వాలని హెడ్మాస్టరుకు చెప్పాడు. తన చెయ్యి తగలకుండా పని జరిగిపోతుందనుకున్నాడు. ఆ అతిథి పెద్ద ఆఫీసరు. ఆయనకు ఇంకో రెండుచోట్ల సభలు ఉన్నాయి. రావడమే ఆలస్యంగా వచ్చి, పొన్నాడ కప్పించుకుని, సగంలోనే చేతి గడియారం చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

అత్తను నేను వెంటనే గుర్తుపట్టాను. నాయన ముక్కే ఆమెదీ. వేళ్ళకు వెండిరంగు పొడి అంటుకుని ఉంది. షెడ్డులో పనిచేసే వాళ్ళకు ఎంత తోమినా పోదది. వరసలో ముందే కూర్చున్నా, తన వంతు వచ్చినప్పుడల్లా పక్కామెను తోసేది. "నీ పొ, నీ పొ" అని. నువ్వు పో, నువ్వు పో. చివరికి ఆమె ఒక్కతే మిగిలింది. ఆఫీసరూ లేడు.

హెడ్మాస్టరు మైకులో పొంగిపోతూ అన్నాడు. "ఈ చివరి సోదరికి మన తలైవరే స్వయంగా ఇస్తారు!"

నేను మిషన్ల పక్కన చీరల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. నాయన నా చేతిలోంచి చీర తీసుకున్నాడు. ఆయన మెడలో బిళ్ళలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి.

అత్త వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. చేతులు చాపలేదు. కొంగు తీసి పక్కకు వేసుకుని, తల వంచింది. హాల్లో వాళ్ళు కాళ్ళకు దణ్ణం పెట్టబోతోందనుకుని ఉంటారు. ఆమె వంగలేదు. తల ఒక్కటే వంచి నిలబడింది. నాకు అర్థమైంది. చివరి వరసలో అమ్మ సగం లేచింది.

"కప్పు రా," అంది అత్త. "చెప్పి కప్పు."

మెల్లగానే అంది. మైకు పక్కనే ఉంది కాబట్టి హాలంతా వినపడింది. హెడ్మాస్టరుకు తెలుగు రాదు. ఆయన చెవికి అందులో కప్పు ఒక్కటే అందింది.

"అయ్యో పావం, పొద్దుటినుంచీ ఏమీ తాగలేదేమో!" అని కంగారుపడి, మైకులోనే కేకేశాడు. "ఎప్పా, అమ్మావుక్కు ఒరు కప్పు కాప్పి!"

జనం నవ్వారు. వెటకారం లేదు. ఆప్యాయంగానే నవ్వారు. అత్త తల ఎత్తలేదు. నాయన చీర ప్లాస్టిక్కు తొడుగు చించాడు. ఆ కరకర మైకులో పెద్దగా వినపడింది. మడతలు విప్పాడు. పళ్ళెంతో నేను ఎంత దగ్గరగా ఉన్నానంటే ఆయన మెడమీద చెమట కూడా కనపడుతోంది. చీరను ఆమె తలమీదుగా తెచ్చి భుజాలకు కప్పాడు. సరిగ్గా ఎట్లా కప్పాలో అట్లాగే కప్పాడు.

పెదాలు కదిలాయి. ఆ సంగతి నేను ఎవరితోనైనా వాదిస్తాను. పెదాలు కదిలాయి. మాట రాలేదు.

అంతే, చప్పట్లు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వాళ్ళ కంటికి అది పొన్నాడ. తలైవర్ ఒక పేదరాలిని ఆఫీసరుతో సమానంగా గౌరవించాడు! ఇంతకుముందు ఏ తలైవరైనా చేశాడా ఇట్లా? అక్కడ ఉన్నవాళ్ళందరికీ కోడి అంటే తెలుసు, వాళ్ళ ఇళ్ళల్లోనూ ఉన్న ఆచారమే. కానీ దండలు వేసిన మిషన్ల నడుమ, మైకు ముందు, ఆకుపచ్చ చీరతో కోడి కప్పుతారని ఎవరికి తోస్తుంది? చెప్పాల్సిన వాడు చెప్పలేదు.

అత్త గొంతులోంచి ఏడుపు వచ్చింది. మామూలు ఏడుపు కాదు, చావు ఇంట్లో రాగం తీసేముందు ఎత్తుకునే మొదటి గుక్క. అంతలో దాన్ని నోట్లోనే నొక్కేసుకుంది.

"చూడండి! ఆనంద కన్నీర్!" అన్నాడు హెడ్మాస్టరు. ఆయన కళ్ళల్లోనూ నీళ్ళే. చప్పట్లు రెండింతలయ్యాయి.

అమ్మ నడిచి రావాలి, పట్టుకుని ఏడవాలి, అది మరదలి వంతు. సగందాకా వచ్చింది కూడా. నాయన ఆమె వైపు చూసిన చూపుకు కుర్చీల మధ్యనే ఆగిపోయింది. ఇంట్లో అంత నోరున్న మనిషి అక్కడ ఒక్క చూపుకు ఎందుకు ఆగిపోయిందో, తరువాత ఎన్నోసార్లు నిలదీశాను. "అంత మందిలో మీ నైన్ను బట్టలూడదీసి నిలబెట్టమంటావా?" అనేది. అదీ ఒక జవాబే. నాకు చాలని జవాబు.

అత్త కళ్ళు తుడుచుకుని నాయన ముఖంలోకి చూసింది. "చప్పట్లు కొట్టిస్తివే తమ్ముడూ" అంది. ఈసారి మైకుకు అందలేదు. నాకూ నాయనకే వినపడింది.

కాఫీ వచ్చింది. అత్త నిలబడే తాగింది. గ్లాసు నా పళ్ళెంలో పెట్టి, నా గడ్డం పట్టుకుని ఒకసారి చూసి, మిగతా ఆడవాళ్ళతో బాటు వ్యానెక్కి వెళ్ళిపోయింది.

మర్నాటినుంచి ఇంట్లో ఒకటే తగువు. అది కోడి అయినట్టా, కానట్టా?

"చెప్పకుండా కప్పితే చీరే, కోడి గాదు," అనేది అమ్మ.

"కప్పినవాడు తోడబుట్టినవాడైతే చాలదా?"

"నోరు ఏమిటికి ఇచ్చినాడు దేవుడు మీకు? ఇంగ్లీషులో గంట కొట్టేదానికేనా?"

నాయన తిండి తినేవాడు కాదు. నిజం చెప్పాలంటే ఆయనకు క్లబ్బులో ఏ నష్టమూ రాలేదు. పేరు ఇంకా పెరిగింది. దారిలో ఎవరు కలిసినా ఆ పొన్నాడ మాటే. ఒక్కొక్కరు పొగిడినప్పుడల్లా ఆయన ఇంటికి వచ్చి వసారాలో కూర్చుండిపోయేవాడు.

మరుసటి గురువారం ఆయన కూటానికి పోలేదు. మధ్యాహ్నమే కొట్టు మూసి, అంగడికి వెళ్ళి గోధుమరంగు నూలుచీర కొన్నాడు. మమ్మల్ని బయలుదేరమన్నాడు. ముగ్గురం బస్సులో ఏళాయిరంపన్నైకి వెళ్ళాం. దారి పొడుగునా కరిసల్ నేల పగుళ్ళు విచ్చి ఉంది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి.

అత్త ఇల్లు రెండు గదుల పెంకుటిల్లు. మిషను వాకిట్లోనే వేసుకుని ఎవరిదో రవిక కుడుతోంది. మమ్మల్ని చూసి చక్రంమీద చెయ్యి పెట్టి ఆపింది.

"రండి," అంది. అంతే. చాప వేసింది. సొంబుతో నీళ్ళు తెచ్చింది. నాయన తాగాడు. తాగి, సంచిలోంచి చీర తీశాడు. నేను చూస్తుండగా, ఎరువుల కొట్టు యజమాని, పతకాల గొలుసు తలైవర్, అక్క ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"అక్కా, ఈసారి చెప్పి కప్పుతానే. వీధంతా వినేట్టు చెప్తాను. వాండ్లందర్నీ పిలువు. నా అక్క అని చెప్తాను."

అత్త రవికలో ఉన్న సూది తీసి జాకెట్టు అంచుకు గుచ్చుకుంది.

"కోడి రెండుసార్లు కప్పరు రా," అంది. "రెండుసార్లు కప్పితే నాకు ఇద్దరు మొగుళ్ళు చచ్చినట్టు."

"అది కోడి గాదక్కా. నేను చెప్పలేదు గదా. ఆడ నాకు నోరు రాలేదు."

"నువ్వు కప్పితివి, నేను ఏడిస్తిని. అయిపోయె. అది కోడే."

"అక్కా..."

"అదే నాకు వచ్చిన కోడి. మంచిదో చెడ్డదో. ఇంగొకటి వద్దు. దాన్ని తీసుకోనిపో."

నాయన చీర ఒళ్ళో పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. అమ్మ లోపలికి పోయి పొయ్యి ముందు ఏడ్చింది. అత్త లేచి ఆమె దగ్గరికి వెళ్ళింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు. మరదలి వంతు ఏడుపు వారం ఆలస్యంగా జరిగింది. నాయన వాకిట్లోనే ఉండిపోయాడు. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు.

అత్త అన్నం పెట్టింది. సజ్జ అన్నం, వంకాయ పులుసు, ఎండుమిరపకాయలు వేయించి. తిన్నాం. వచ్చేటప్పుడు నాకు ఒక పావడా కుట్టి ఇస్తానని నడుము కొలత తీసుకుంది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు అమ్మ అంది. "చీరకు ఇంత దూరం వస్తిరి. ఆమె అడిగింది చీర గాదు. నేల. దానికి ఎంత దూరం పోతారు?"

నాయన జవాబు చెప్పలేదు. చివరిదాకా చెప్పలేదు. ఆ నేల ఆయన తరువాత, ఈ సంగతులన్నీ అయ్యాక పుట్టిన మా తమ్ముడికి వచ్చింది. ఇప్పుడు దానిమీద పత్తీ లేదు, సజ్జా లేదు. సోలారు కంపెనీకి కౌలుకిచ్చాడు. నల్లనేలమీద నల్ల పలకలు ఆకాశానికి ముఖం పెట్టి పడుకుని ఉంటాయి. అత్త భాగం గురించి తమ్ముడితో నేను ఇంకా వాదిస్తూనే ఉన్నాను. ఈమధ్య నా ఫోను ఎత్తడం మానేశాడు.

మిషను గురించి మాత్రం ఒక మాట ఒప్పుకోవాలి. క్లబ్బుల్ని దులపడానికి కూర్చున్నదాన్నే అయినా ఒప్పుకోవాలి. అత్త మళ్ళీ షెడ్డుకు పోలేదు. ఆ మిషనుతోనే పిల్లలిద్దర్నీ చదివించింది. వేళ్ళమీది వెండిపొడి కొన్నాళ్ళకు పోయింది. నా పెళ్ళి రవికలు ఆమే కుట్టింది. నాయనతో మాట్లాడేది, పండక్కి వచ్చేది, ఆయన పోయినప్పుడు అందరికంటే ముందు వచ్చి తలదగ్గర కూర్చుంది. బయటినుంచి చూస్తే అక్కాతమ్ముళ్ళు కలిసిపోయారు.

కానీ ఆమె ఆ వాకిట్లో అన్నది క్షమాపణా, శిక్షా? మా అమ్మ క్షమించిందంటుంది. అదే కోడి అని ఒప్పుకుంది కదా, పుట్టిల్లు ఉందని ఒప్పుకున్నట్టే కదా అంటుంది. నేను ఒప్పుకోను. దిద్దుకుంటానని వచ్చినవాడికి దిద్దుకునే దారి మూసేసింది అత్త. పిరికితనంతో చేసిందాన్నే అసలుదని ముద్ర వేసి ఆయన చేతికే తిరిగి ఇచ్చింది. అంతకంటే పెద్ద దెబ్బ ఎవరు కొట్టగలరు? ఒకసారి అత్తనే అడిగాను. "నీకు అన్నిట్లో వాదమే," అని దారం కొరికి మళ్ళీ చక్రం తిప్పింది.

నాయన తలైవర్ పదవి అయిపోయాక కూడా చాలా ఏళ్ళు గురువారం గురువారం ఆ హాలుకు వెళ్ళేవాడు. నేను కాలేజీ సెలవుల్లో ఒకటి రెండుసార్లు వెంట వెళ్ళాను. ఎవరికి పొన్నాడ కప్పినా సరే, చప్పట్లు మొదలైతే చాలు, ఆయన తల దించుకునేవాడు. చేతులు ఒళ్ళోనే ఉండేవి. చప్పట్లు ఆగేదాకా తల ఎత్తేవాడు కాదు.

ఎంత వినయం చూడు ఆయనకు, అనేవాళ్ళు పక్కవాళ్ళు.